గ్రహాల పుట్టుకకు సున్నా మార్కులు

దిద్దిన జవాబు పత్రాలు పోస్టులో వచ్చిన రోజు రుఖయ్యా టీచర్ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసి, ఒకే కాగితాన్ని నాలుగోసారి చదువుతూ కూర్చుంది.

ఆమె సిరిసిల్లలో, సాంచాల వాడను ఆనుకుని ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతుంది. సాంచాలంటే మరమగ్గాలు. పొద్దున ఎనిమిదింటికి బడి గోడ అవతల టకటక మొదలైతే సాయంత్రం దాకా ఆగదు. ఆ చప్పుడు మీదుగా పిల్లలకు వినిపించేలా పదేళ్లు పాఠాలు చెప్పీ చెప్పీ ఆమె గొంతు పెద్దదైపోయింది. ఇంట్లో ఉప్పు అందించమన్నా భర్త జుబేర్ ఉలిక్కిపడి, "నేనేం ఆఖరి బెంచీల కూసోలే బేగం" అంటాడు.

ఆ జవాబు పత్రం తొమ్మిదో తరగతి నవనీతది. జగిత్యాలలోని వెలుగుబాట విద్యా సంఘం ఏటా మూడు పట్టణాల చుట్టుపక్కల బడుల పిల్లలకు విజ్ఞాన పరీక్ష పెడుతుంది. ముందు నిలిచిన ముప్పై మందిని హైదరాబాదుకు తీసుకుపోయి మూడు రోజులు ఖగోళ శిబిరంలో ఉంచుతారు. పెద్ద దూరదర్శినిలో శనిగ్రహం వలయాలు చూపిస్తారు. రుఖయ్యా బడి నుంచి ఏడుగురు రాశారు. నవనీత మూడు మార్కుల తేడాతో జారిపోయింది. తొమ్మిదో ప్రశ్నకు ఐదు మార్కులు. ప్రశ్న ఇది: "సౌర కుటుంబము ఎట్లు ఏర్పడినది? ఇతర నక్షత్రములకు గ్రహములు ఉండునా?"

నవనీత గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఒక పెద్ద వాయువుల మేఘం తన బరువుకు తానే కుంగింది. తిరుగుతూ తిరుగుతూ పళ్లెంలాగా చదునైంది. మధ్యలో సూర్యుడు ఏర్పడ్డాడు. పళ్లెంలోని ధూళి, మా సాంచాల కింద నూగు ముద్దలు కట్టినట్టు, ఒకదానికొకటి అంటుకుంది. ముద్దలు పెరిగి రాళ్లు, రాళ్లు కలిసి గ్రహాలు అయ్యాయి. సూర్యుడి దగ్గర వేడికి మంచు నిలవదు కాబట్టి అక్కడ చిన్న రాతి గ్రహాలు వచ్చాయి. దూరంగా చల్లటి చోట పెద్ద గ్రహాలు వచ్చాయి. ఇది మన సూర్యుడికే జరగలేదు. వేరే నక్షత్రాల చుట్టూ కూడా వేల గ్రహాలు దొరికాయి. కొన్నింటి చుట్టూ ఆ పళ్లెం ఇప్పుడు కూడా తిరుగుతోంది."

దాని పక్కన ఎర్ర సిరాతో కోడిగుడ్డంత సున్నా. సున్నా కింద ఒక వాక్యం: "సొంత కవిత్వం రాయరాదు."

పత్రాలతో పాటు పంపిన సరైన జవాబుల జాబితాను, అందరూ 'కీ' అనేదాన్ని, రుఖయ్యా తిరగేసింది. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఇట్లా ఉంది: "మరొక నక్షత్రము సూర్యునికి సమీపముగా పోయినప్పుడు, దాని ఆకర్షణకు సూర్యుని నుండి లాగబడిన పదార్థము చల్లబడి గ్రహములైనది. ఇట్టి ఘటన అత్యంత అరుదు కనుక ఇతర నక్షత్రములకు గ్రహములుండుట దాదాపు అసంభవము."

ఇది వందేళ్ల కిందటి మాట. అప్పట్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే దీన్ని నమ్మారు. తర్వాత వాళ్లే లెక్కలు వేసి చూసుకున్నారు. సూర్యుడి లోపలి నుంచి లాగిన వాయువు లక్షల డిగ్రీల వేడిమీద ఉంటుంది. అది ముద్ద కట్టదు, కుక్కరు ఆవిరిలా చెదిరిపోతుంది. అందుకే ఆ సిద్ధాంతాన్ని వాళ్లే పక్కన పెట్టేశారు. చిలీ ఎడారిలో పెట్టిన దూరదర్శినులు, ఇప్పుడిప్పుడే పుడుతున్న నక్షత్రాల చుట్టూ ధూళి పళ్లేలను ఫోటోలు తీసి పంపుతున్నాయి. పరీక్ష రాసిన పిల్ల చేతిలో ఫోను పెడితే అదే వెతికి చూపిస్తుంది. అయినా సున్నా. సున్నా ఒక్కటైతే రుఖయ్యా అన్నం తినేదేమో. ఆ కింది వాక్యం ఆమెను తిననివ్వలేదు.

ఎందుకంటే మగ్గాల కింద రాలే దూది ధూళి, ఆ నూగు సంగతి తరగతిలో చెప్పింది తనే. జులైలో ఆ పాఠం రోజున పిల్లలందరినీ వాళ్ల వాళ్ల సాంచాల షెడ్ల నుంచి కవర్లలో నూగు తెమ్మంది. బల్లమీద దులిపి ఊదమంది. పిల్లలు ఊదారు, తుమ్మారు, నవ్వారు. ఎగిరిన పోగులు గాలిలోనే ఒకదాన్నొకటి పట్టుకుని చిన్న చిన్న ఉండలై దిగాయి.

"మొదలు గిట్లనే" అంది ఆమె. "ధూళికి ధూళి అంటుకున్నది. సన్న ఇసుకంత, గోలీ అంత అయ్యేదాక మనకు మంచిగనే తెలుసు. గోలీ అంతది గుట్టంత ఎట్లయిందో శాస్త్రవేత్తలు ఇంక కొట్లాడుకుంటనే ఉన్నరు. మీల ఎవలన్న చెప్పాలె."

నవనీత లేచి అడిగింది. "మేడం, మరి మా షెడ్డుల నూగు ఎందుకు గ్రహం గాదు?"

"మీ నాయిన రోజు ఊడుస్తడు గనుక."

తరగతి గొల్లుమంది. తర్వాత అసలు జవాబు కూడా చెప్పింది. భూమి దాన్ని కిందికి గుంజుతున్నదని, ఆ నూగుకు తనంతట తాను పక్కదాన్ని గుంజుకునేంత బరువు లేదని. ఆ రోజు నుంచి నవనీత గ్రంథాలయంలో ఉన్న మూడు ఖగోళ పుస్తకాలనూ మార్చి మార్చి ఇంటికి తీసుకుపోయింది.

రుఖయ్యా సంఘానికి ఫోను చేసింది. సమన్వయకర్త సాగర్ మర్యాదగానే మాట్లాడాడు.

"మేడం, కీల ఏమున్నదో గదే దిద్దినం. మేం సొంతంగ ఏం జెయ్యలే."

"కీనే తప్పు."

"గట్లంటే ఎట్ల మేడం? కీ తయారుచేసింది ఎవరనుకున్నరు? చంద్రయ్య సార్. ఆయిన 'సైన్సు ప్రశ్నావళి' పుస్తకంల నుంచే తీసుకున్నం. నలభై ఏండ్ల సర్వీసు ఆయినది."

రుఖయ్యా ఫోను పెట్టేసింది.

చంద్రయ్య సార్ లేకపోతే రుఖయ్యా టీచరే లేదు. కోరుట్లలో ఆమె తండ్రి ఇబ్రహీం స్టవ్వులు, గొడుగులు బాగుచేసేవాడు. తల్లి తాజున్నీసా బీడీలు చుట్టేది. ఉర్దూ బడిలో ఏడో తరగతి అయిపోగానే చదువు చాలనుకున్నారు. తెలుగు రాదు, తెలుగు హైస్కూలుకు పోయి ఏం చేస్తుంది? అప్పుడు ఆ హైస్కూలు సైన్సు మాస్టారు వాళ్లింటికి మూడుసార్లు వచ్చారు. మూడోసారి ఇబ్రహీం దుకాణంలో పీటమీద కూర్చుని, "ఇబ్రహీం భాయ్, పిల్లను బడికి తోలు. తెలుగు నేను నేర్పిస్త. రాకపోతే నన్నడుగు" అన్నారు. నాలుగు నెలలపాటు రోజూ సాయంత్రం బడి అయ్యాక ఆగి ఆమెకు అక్షరాలు దిద్దబెట్టారు. 'క్ష' రాయడం రాక ఆమె ఏడిస్తే, తనకూ చిన్నప్పుడు వచ్చేది కాదని అబద్ధం చెప్పారు.

ఆయనే తొమ్మిదో తరగతిలో బోర్డుమీద సూర్యుణ్ణి గీసి, పక్క నుంచి దూసుకుపోతున్న ఇంకో నక్షత్రాన్ని గీసి చెప్పారు: "రెండు లారీలు రాసుకుంటపోతే రంగు ఊడినట్టు, సూర్యుని నుంచి ముక్కలు ఊడినయ్. గవే గ్రహాలు." రుఖయ్యాకు ఆ బొమ్మ ఎంత నచ్చిందో! డిగ్రీ, బీఈడీ చేసి కోరుట్లలో ప్రైవేటు బడిలో చేరాక ఆరేళ్లపాటు అదే బొమ్మ గీసింది, అదే లారీల పోలిక చెప్పింది. ఒక ఏడు ఒవైస్ అనే పిల్లవాడు లేచి, "టీచర్, గంత వేడి గాలి ముద్దగెట్లయితది? ఇగిరిపోదా?" అని అడిగాడు. ఆమె వాణ్ణి పీరియడు అయ్యేదాకా నిలబెట్టింది. "పుస్తకంల ఉన్నది రాయి చాలు" అంది.

సర్కారు కొలువు వచ్చిన కొత్తలో, రెండువేల పదిహేనులో కరీంనగర్‌లో జరిగిన శిక్షణలో ఒక ఆచార్యుడు తెరమీద ఒక ఫోటో వేశాడు. మధ్యలో పసిడి చుక్క, చుట్టూ వరసగా వలయాలు, వలయాల మధ్య నల్లటి ఖాళీలు. అది బొమ్మ కాదు, నిజంగా ఆకాశంలో ఉన్న ఒక కుర్ర నక్షత్రం. ఆ ఖాళీల్లో గ్రహాలు తయారవుతూ ఉండవచ్చు అని ఆయన చెప్పాడు. చుట్టూ టీచర్లు ఫోన్లలో ఫోటోలు తీసుకుంటుంటే రుఖయ్యాకు ఒవైస్ నిలబడ్డ చోటు గుర్తొచ్చింది. వాడు అడిగింది సరైన ప్రశ్న. ఆ సిద్ధాంతాన్ని కూలగొట్టిన ప్రశ్నే అది. పన్నెండేళ్ల పిల్లవాడు తనంతట తాను దాన్ని పట్టుకుంటే, తను వాణ్ణి నిలబెట్టింది. వాడిప్పుడు గల్ఫులో ఏసీలు బాగుచేస్తున్నాడని విన్నది. నంబరు సంపాదించింది. ఫోను మాత్రం చేయలేకపోయింది.

అందుకే నవనీత కాగితంమీద సున్నా చూసినప్పుడు ఆమె కోపానికి రెండు మొనలున్నాయి. ఒకటి తన వైపే తిరిగి ఉంది.

హెడ్మాస్టరు యోహాను మంచివాడు, గొడవలంటే భయం. "అది మన పరీక్ష గాదు గదమ్మా. ఇడిసిపెట్టుండ్రి" అన్నారు.

"పిల్లలు మనోళ్లే గద సార్."

"పై నుంచి ఎవరన్న అడిగితే?"

"అడగనియ్యుండ్రి. నేనే చెప్త."

రెండు రోజులకు నవనీత తండ్రి రాజేశం షిఫ్టు మధ్యలో బడికి వచ్చాడు. తలనిండా తెల్లటి నూగు. వరండాలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, పిల్ల రెండు దినాలసంది సక్కగ మాట్లాడుతలేదు. సాంచాల సంగతి రాసినందుకే సున్నా ఏసిండ్రా అని వాళ్లమ్మను అడుగుతున్నది. నేనన్న, గట్లేం ఉండదు బిడ్డా అని. ఉండదు గద మేడం? పెద్ద పెద్ద పరీక్షలల్ల గీ సాంచాలు, నూగు అని రాయద్దా?"

ఆ ఎర్ర సిరా వాక్యం రాసినవాడెవడో రుఖయ్యాకు తెలియదు. వాడు ఆ పిల్లకు నేర్పిన పాఠం మాత్రం కళ్లముందు నిలబడి ఉంది: మీ షెడ్డు, మీ నాయిన తలమీది నూగు, మీ కళ్లతో మీరు చూసింది చదువులోకి రావు. బయటే వదిలి లోపలికి రండి.

"రాయచ్చు అన్నా" అంది. "గట్లనే రాయాలె. నేను జగిత్యాల పోతున్న."

ఆదివారం పొద్దున వేములవాడ మీదుగా పోయే బస్సెక్కింది. "తీస్ బరస్ హోగయే, ముప్పై ఏండ్లయింది, ఇప్పుడు పోయి ముసలాయనతోని లొల్లి అవసరమా?" అని జుబేర్ అంటూనే బస్టాండు దాకా బండిమీద దింపాడు.

చంద్రయ్య సార్‌కు డెబ్బై నాలుగేళ్లు. రిటైరయ్యాక జగిత్యాలలోనే ఉంటున్నారు. ఆయన భార్య లింగవ్వ తలుపు తీసి, గుర్తుపట్టి, చేతులు పట్టుకుంది. సార్ లోపల్నుంచే కేకేశారు. "ఎవరు, రుఖయ్యానా? రా బిడ్డా, రా. ఎన్నేండ్లకు!"

ఆమె కుశలాలు అడిగింది, కూర్చుంది. తర్వాత సంచిలోంచి కాగితం తీసి ఆయన చేతికిచ్చింది. సార్ కళ్లద్దాలు పైకెత్తి, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివారు.

"చేతిరాత ముత్యాలోలె ఉన్నది. ఎవరి పిల్ల?"

"నా పిల్ల సార్. మా బడి పిల్ల. దీనికెన్ని మార్కులెయ్యాలె?"

"కీ ప్రకారమైతే..."

"కీ పక్కకు పెట్టుండ్రి సార్. మీరు చెప్పుండ్రి."

ఆయన కాగితం మడిచారు, విప్పారు. "మా కాలంల గిదే పాఠం. నేను చదివిన పుస్తకంల గిట్లనే ఉండె."

"గా పుస్తకం ఏ సంవత్సరంది సార్?"

దానితో ఆయన ముఖం మారిపోయింది. "నన్ను పరీక్షిస్తున్నవా? నీకు అ, ఆలు దిద్దబెట్టిన చెయ్యి గిది."

"తెలుసు సార్. మరువలే. మరిచిపోతే ఫోనుల మాట్లాడేదాన్ని. గిక్కడిదాక వచ్చేదాన్ని గాదు."

లింగవ్వ టీ తెచ్చి బల్లమీద పెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి లోపలికి వెళ్లిపోయింది. సార్ గొంతు తగ్గించారు. "సరే. అయిందేదో అయింది. సాగర్‌కు నేను చెప్త. ఈ పిల్లకు మూడు మార్కులు కలుపుమంట. శిబిరానికి పోతది. సంతోషమేనా? ఇంకెక్కడ మాట్లాడకు."

రుఖయ్యాకు అప్పుడొచ్చింది అసలు కోపం. కొట్టిన దెబ్బకన్నా రాసిన మందు మండినట్టయింది.

"ఒక్క పిల్లకేనా సార్?"

"మరింకెవరికి?"

"పదకొండు వందల మంది రాసిండ్రు. నిజం రాసి సున్నా తెచ్చుకున్నోళ్లు ఇంకెంతమందో. తప్పు రాసి ఐదుకు ఐదు తెచ్చుకున్నోళ్లు హైదరాబాద్ పోతరు. మొదటి రోజే అక్కడోళ్లు చెప్తరు, మీరు రాసింది తప్పని. అప్పుడు గా పిల్లలు మొఖం ఎక్కడ పెట్టుకుంటరు? మా పిల్ల మీద దయ చూపుమని రాలే నేను. పాఠం సరిజెయ్యమని వచ్చిన."

"నేను చెప్పిందే తప్పయితే, నువ్వు చదువుకున్నది సుత తప్పేనా?"

"అవును సార్. తప్పే. గా తప్పును ఆరేండ్లు నేను పిల్లలకు చెప్పిన. అడిగినోన్ని నిలబెట్టిన. మీరు చెప్పినప్పుడు మీకు తెల్వదు, గది తప్పు గాదు. కాని మొన్న మొన్న అచ్చేసిన పుస్తకంల అదే పెట్టుడు తప్పు సార్. ఒక్కసారన్న తెరిచి చూడకపోవుడు తప్పు."

ఆయన కాగితాన్ని బల్లమీద పెట్టేశారు. "ఇగ పో రుఖయ్యా" అన్నారు. బిడ్డా అనలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చింది కానీ దారిలో ఏ ఊరు దాటిందో ఆమెకు తెలియదు. కోపంతో పాటు ఇంకొకటి తొలుస్తోంది. మూడు మార్కులు ఇస్తామంటే వద్దని వచ్చింది. ఎవరిని అడిగి వద్దంది? శనిగ్రహం చూడాల్సిన పిల్ల తను కాదు కదా.

మర్నాడు ప్రార్థన కాగానే నవనీతను పక్కకు పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది. "నిన్ను అడగకుంట వద్దన్న. అది నా తప్పు. ఇప్పుడడుగుతున్న. నువ్వు ఊ అంటే ఇప్పుడే ఫోన్ చేస్త. నీకు కలుపుతరు."

నవనీత జడ కొస వేలికి చుట్టుకుంది. "మిగతోళ్లకు కలుపరా మేడం?"

"కలుపరు."

"అయితే నాకెందుకు." తర్వాత కళ్లలో నీళ్లు తిరుగుతుండగా అంది: "కాని గా మాట కొట్టెయ్యమనుండ్రి మేడం. కవిత్వం అన్నరు గద, గది. నేను కవిత్వం రాయలే. చూసింది రాసిన."

ఆ పదిహేను రోజులు రుఖయ్యా ఫోను పట్టుకునే తిరిగింది. తెలిసిన టీచర్లకు, తెలియని టీచర్లకు చేసింది. తొమ్మిదో ప్రశ్నకు సున్నా వచ్చిన కాగితాలుంటే ఫోటో తీసి పంపమంది. కొందరు నవ్వారు. కొందరు "ఈ వయసుల నీకెందుకమ్మా" అన్నారు. సారంగాపూర్ నుంచి రెండు వచ్చాయి. కోరుట్ల నుంచి నాలుగు. బీర్పూర్‌లో పనిచేసే కళ్యాణి అనే కొత్త టీచరు ఒకటి పంపి, వెంటనే ఫోను చేసి ఏడ్చింది. "మేడం, మా పిల్ల సరిగ్గనే రాసింది. కీ చూసి, క్లాసుల ఏం ఇన్నవే అని నేనే తిట్టిన." రుఖయ్యా ఆమెను ఓదార్చలేదు. "రేపు పొద్దుగాల పోయి అందరి ముందట ఆ పిల్లకు చెప్పు. ఆలస్యం చేస్తే చెప్పలేవు, నాకు తెలుసు" అంది. నవనీతదీ, ఇంకా మూడు చోట్లవీ కలిపి పదకొండు కాగితాలయ్యాయి. అన్నీ అట్టకు కుట్టి, పైన ఒక ఉత్తరం రాసి సంఘానికి పంపింది. జవాబు రాలేదు. ఎంపికైన ముప్పై మంది శిబిరానికి వెళ్లి వచ్చారు.

బహుమతుల సభ జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. రుఖయ్యా నవనీతను తీసుకుని వెళ్లింది. రాజేశం కూడా ఒక పూట పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వేదిక మీద చంద్రయ్య సార్ మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు. బహుమతులయ్యాక సాగర్ మైకు పట్టుకుని, "ఉపాధ్యాయులు ఎవరన్న రెండు మాటలు మాట్లాడుతరా?" అన్నాడు. పొగడ్తల కోసం అడిగే మాట అది. రుఖయ్యా లేచి మెట్లెక్కింది.

"నా పేరు రుఖయ్యా. సిరిసిల్ల. మీ పరీక్షల తొమ్మిదో ప్రశ్నకు సరైన జవాబు రాసిన పదకొండు మందికి సున్నాలేసిండ్రు. తప్పు రాసినోళ్లకు ఐదులేసిండ్రు. పిల్లలారా, మీరు శిబిరానికి పోయి వచ్చిండ్రు గద. గ్రహాలు ఎట్ల పుట్టినయని చెప్పిండ్రు అక్కడ?"

ముందు వరసలో పతకాలు వేసుకున్న పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక అమ్మాయి మెల్లగా అంది, "మేఘంల నుంచి. పళ్లెం లెక్క అయి."

"మరి మీరు పరీక్షల ఏం రాసిండ్రు?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. సాగర్ మైకు తీగ పీకేశాడు. హాలంతా ఒక్క క్షణం గుసగుసలు. రుఖయ్యా చచ్చిన మైకును పక్కన పెట్టేసింది. సాంచాల చప్పుడు మీదుగా పాఠాలు చెప్పిన గొంతుకు మైకు దేనికి? వెనక వరస దాకా ఖణేలుమంది.

"నువ్వు తల వంచుకోకు బిడ్డా. నీ తప్పు లేదు. మేం చెప్పింది రాసినవ్. సిగ్గుపడాల్సింది మేము. నాలుగు వందల అరవై కోట్ల ఏండ్ల కింద జరిగింది మా పుస్తకంల సరిగ్గ రాసుకోలేకపోయినం. సరిగ్గ రాసిన పిల్లను సొంత కవిత్వం రాయకని ఎక్కిరించినం. సాంచాల కింద నూగు చూసి ధూళి సంగతి అర్థం చేసుకున్నది ఆ పిల్ల. గిసొంటి పిల్లను వెతకడానికే గదా మీరు పరీక్ష పెట్టింది? దొరికితే సున్నా ఏస్తిరి!"

"మేడం, టైం అయింది, దిగుండ్రి" అంటూ సాగర్ ఆమె మోచేతి దగ్గరికి వచ్చాడు.

"మాట్లాడనియ్యి" అన్నారు చంద్రయ్య సార్. అంతే అన్నారు. ఆమె వైపు చూడలేదు. బల్లమీది పూలగుత్తి వైపు చూస్తూ అన్నారు.

ఆమె పదకొండు మంది పేర్లు, వాళ్ల బడుల పేర్లు చదివి దిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రాజేశం ఒక్కడే నిలబడి ఉన్నాడు.

నెల తిరిగాక సంఘం ఆ పదకొండు కాగితాలనూ మళ్లీ దిద్దించింది. వాళ్లలో నలుగురు ముప్పై మందిలో ఉండాల్సినవాళ్లని తేలింది. నవనీత వాళ్లలో ఒకతె. కానీ శిబిరం అయిపోయింది, మళ్లీ పెట్టలేమన్నారు. వాళ్లకు రంగురంగుల ప్రశంసాపత్రాలు పోస్టులో పంపారు. పైన "ప్రత్యేక ప్రోత్సాహకం" అని అచ్చువేసి ఉంది. యోహాను సార్ సంతోషపడి ప్రార్థనలో ఇద్దామన్నారు. నవనీత చదివి తిరిగి ఇచ్చేసింది.

"ప్రోత్సాహం ఎందుకు మేడం? సరిగ్గ రాసిన గద. గెలిచిన అని రాయాలె."

రుఖయ్యా దాన్ని రిజిస్టర్ పోస్టులో వెనక్కి పంపింది. ఆ మాట మార్చి, ఎర్ర సిరా వాక్యానికి క్షమాపణ రాసి పంపమంది. ఆ క్షమాపణ ఇప్పటిదాకా రాలేదు. సభలో పై అధికారుల అనుమతి లేకుండా మాట్లాడినందుకు ఆమెకు మాత్రం విద్యాశాఖ నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. రెండు పేజీల జవాబు రాసింది. అందులో ఒక పేజీ గ్రహాల పుట్టుక గురించే.

చంద్రయ్య సార్ ఫోను చేశారు, వేసవి సెలవులు మొదలైనప్పుడు. పలకరింపు లేదు, సభ మాట లేదు. "గా ఫోటో ఏదో ఉత్తరంల రాస్తివట గద, వలయాలది. పంపు" అన్నారు. ఆమె పంపింది. మూడు రోజులకు మళ్లీ చేశారు. "కొన్ని నక్షత్రాలకు గురుగ్రహమంత పెద్ద గ్రహాలు గంత దగ్గర ఎట్ల తిరుగుతున్నయ్? పెద్దవి వేడిల పుట్టవు అంటివి గద?" ఆమె చెప్పింది: దూరంగా పుట్టి, తర్వాత లోపలికి జరిగి ఉంటాయని ఒక ఆలోచన ఉందని, అన్నింటికీ అదే కారణమో కాదో ఇంకా తేలలేదని. ఆయన ఊఁ కొట్టారు. ప్రశ్నావళి కొత్త ముద్రణలో ఆ పేజీ మార్పిస్తున్నానని, పాతవాటిలో చీటీలు అంటించమన్నానని చెప్పారు. అరగంట మాట్లాడారు. నాదే తప్పు అనే మాట మాత్రం ఆయన నోట రాలేదు. రుఖయ్యా ఎదురుచూసింది. రాలేదని ఆమెకు ఇంకా కోపమే. ఆయన ఫోను చేసిన ప్రతిసారీ ఎత్తుతుంది, అది వేరు.

జూన్‌లో తల్లిని చూడడానికి కోరుట్ల వెళ్లినప్పుడు బస్టాండు దగ్గరి పుస్తకాల దుకాణంలో ఆగింది. బల్లమీద ప్రశ్నావళి ప్రతులు దొంతరగా ఉన్నాయి. పాత అచ్చు. పైదాన్ని తెరిచి చూసింది. చీటీ లేదు. రెండోది చూసింది. అందులోనూ లేదు. బడులు తెరిచే వారం అది. పుస్తకాలు కొనడానికి తల్లులు, పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు.

ఆమె పర్సులోంచి పెన్ను తీసింది. నలభై ఒకటో పేజీలో ఆ నాలుగు పంక్తులను అడ్డంగా కొట్టేసి, పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో రాసింది: "ఇది తప్పు. తిరిగే ధూళి, వాయువుల పళ్లెం నుంచి గ్రహాలు పుట్టాయి. ఇతర నక్షత్రాలకూ వేల గ్రహాలున్నాయి." మూడో ప్రతి మీద ఉండగా దుకాణదారు అంజయ్య చూశాడు.

"ఓ మేడం! ఏం జేస్తున్నవ్? పుస్తకాలు ఖరాబ్ చేస్తున్నవేంది?"

"ఖరాబై వచ్చినయ్. బాగుచేస్తున్న."

"కొనకుంట రాసుడేంది? పక్కకు జరుగు, గిరాకీ ఉన్నది."

"గిరాకీకి తప్పు పుస్తకం అమ్ముతవా?"

వరసలో ఉన్న ఒకామె పాపను చంకనేసుకుని ముందుకు వంగింది. "ఏం తప్పు మేడం అది? మా పెద్దోనికి గిదే పుస్తకం కొన్న నిరుడు."

"ఇంట్ల ఉన్నదా? నలభై ఒకటో పేజీ తీయమను. ఏం రాయాలెనో చెప్త, నిలబడు" అంది రుఖయ్యా. అంజయ్య దొంతరను తన వైపు లాక్కోబోతే, దాని మీద ఎడమ చెయ్యి ఆనించి, నాలుగో ప్రతి తెరిచింది.